రెండు గంటలకొకసారి

ఆయమ్మ పోయింది.

పోయిన మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ప్రాణం పోయిందని ఆమె మేనకోడలు ఫోన్ చేసింది. "మా అత్త ఎల్లిపోనాది బాబూ. ముందు మీకే సెప్పమన్నాది" అని పెట్టేసింది. నేను ఆటో పట్టుకుని కూర్మన్నపాలెంలో ఉన్న ఆ వృద్ధుల హోముకి వెళ్ళేసరికి పదకొండు కావస్తోంది. ఆయమ్మ మంచం తలవైపు గోడకి మేకు, మేకుకి అట్ట, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితం. ఆ కాగితం ప్రకారం ఆమెని పదింటికి ఎడమ పక్కకి తిప్పారు. పన్నెండింటికి కుడి పక్కకి తిప్పారు. రెండింటికి, నాలుగింటికి, ఆరింటికి కూడా తిప్పేశారు. ప్రతి గడిలోనూ టిక్కు, టిక్కు పక్కన పొడి అక్షరాల సంతకం. గోడ గడియారంలో చూస్తే ఇంకా పదకొండు కూడా కాలేదు. మనిషి పోయి రెండు గంటలైంది.

ఆ కాగితం తయారుచేసింది నేనే. అందుకే ఈ నాలుగు మాటలూ రాయాల్సింది కూడా నేనే. ఆమె ఫొటో నా దగ్గర లేదు. ఆమె పేరు కూడా మొన్న స్మశానంలో రాయించేటప్పుడే నాకు తెలిసింది. ఏడెనిమిదేళ్ళు ఎరిగిన మనిషి పేరు! ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఎప్పుడూ పిలవని పేరుతో పోయాక పిలవడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఆ హోములో అందరికీ ఆమె ఆయమ్మ. నాకూ అంతే.

నేను ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తొంభైల చివర్లో మా అమ్మకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. మా ఆవిడకి అప్పటికే నడుముకి ఆపరేషనైంది, బిందె ఎత్తితేనే డాక్టరు తిడతాడు. నావి షిఫ్టులు. మూడు నెలలు ఇంట్లో తంటాలు పడ్డాక, మంచాన పడ్డవాళ్ళని చూసుకుంటారని చెబితే అమ్మని ఆ హోములో చేర్చాను. సందులో రెండంతస్తుల మేడ. కింద హాల్లో పదకొండు మంచాలు, పదకొండు మంది ఆడవాళ్ళు. వాళ్ళంతట వాళ్ళు పక్కకి ఒత్తిగిలగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

చేర్చిన మూడోరోజు వెళ్ళేసరికి, నల్లటి మనిషి, యాభై దాటినావిడ, ముక్కుకి రెండువైపులా పుడకలు, మా అమ్మని పక్కకి ఒత్తిగిలబెట్టి తుంటి మీద బొటనవేలితో గట్టిగా నొక్కుతోంది. నొక్కి, వేలు తీసేసి, వంగి చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం చేస్తున్నావ్ నువ్వు?"

"నొక్కి సూత్తన్నాను బాబూ. సేపని నొక్కినామనుకోండి, సొట్ట బేగి పూడిపోవాల. అప్పుడది తాజా. పూడనేదా, నిన్నటి సేప. మనిసి ఒల్లూ అలగే. నొక్కితే తెల్లబడి, మల్లీ ఎరుపు రావాల. ఎరుపు అలగే ఉండిపోనాదంటే లోపల కుల్లడం మొదలెట్టినట్టు."

"మా అమ్మేం చేప కాదు" అని అరిచాను.

"కాదు బాబూ. సేపనైతే ఒకపాలి నొక్కి బుట్టలో పడేత్తాం. అమ్మని రోజుకి నాలుగుపాలు నొక్కాల."

మా అమ్మ నవ్వింది. మూతి ఒక పక్కే కదిలింది గానీ అది నవ్వే. జబ్బు చేశాక అదే మొదటిసారి. తరువాత డాక్టరుగారిని అడిగితే, నర్సులకి పాఠాల్లో నేర్పేదీ ఆ బొటనవేలి పరీక్షేనని చెప్పారు. ఈమె జాలరిపేటలో చేపలమ్ముతూ నేర్చుకుంది. ఇరవై ఏళ్ళు నెత్తిన గంప పెట్టుకుని ఊరంతా తిరిగిందట. మెడ నరాలు పట్టేశాక గంప దించేసి, పెనిమిటి రెండేళ్ళు మంచాన పడి పోతే అతనికి చాకిరీ చేసి, ఆ చాకిరీ చేతకాబట్టి ఆయాగా కుదిరింది. అంతకుమించి తన సంగతి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ పట్టుబట్టి అడగలేదు.

ఆమె పని ఏమిటంటే మనుషుల్ని తిప్పడం. అన్నం పెట్టడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం అందరు ఆయాలూ చేసేవారు. తిప్పడం మాత్రం ఆమెదే. రెండు గంటలకొకసారి పదకొండు మందినీ తిప్పాలి. ఒక చివర మొదలుపెట్టి రెండో చివరికి వచ్చేసరికి మళ్ళీ మొదటిదాని వేళయ్యేది. "మనిసి బరువే మనిసిని తినెత్తాది బాబూ" అనేది. "నిలబడ్డంతసేపూ కాల్లు మోత్తాయి. పడుకున్నాక ఎవులు మోత్తారు? ఆ తోలే మోయాల." సేఫ్టీలో నేను చాలా పాఠాలు చెప్పాను, చాలా పాఠాలు విన్నాను. ఇంత తేటగా చెప్పినవాళ్ళు లేరు.

ఆమెకి ఎడమా కుడీ లేవు. సంద్రం పక్క, కొండ పక్క అనేది. హాల్లో తూర్పు గోడ సంద్రం పక్క, పడమటి గోడ కొండ పక్క. "మామ్మా, కొండని సూసింది సాలు, ఇంక సంద్రాన్ని సూడు" అంటూ తిప్పేది. అక్కడినుంచి సముద్రమూ కనపడదు, కొండా కనపడదు, కనిపించేది పెచ్చులూడిన సున్నం. అయినా మా అమ్మ కొన్నాళ్ళకి బాగున్న చేత్తో తనే చూపించడం నేర్చుకుంది, ఇప్పుడెటో. ఎప్పుడైనా ఆయమ్మ పొరబడితే, చెయ్యి ఊపి కోప్పడేది కూడా. "ఓలమ్మ, ఈవిడ నాకు మేస్త్రీ అయిపోనాది" అని ఆయమ్మ బుగ్గలు నొక్కుకునేది.

తిప్పడానికి ఒక పాత వలముక్క వాడేది. నాలుగు మడతలు పెట్టి, వేడినీళ్ళలో ఉడికించి, డాబా మీద ఆరేసి, దుప్పటి కింద నడుము దగ్గర పరిచేది. ఈ పక్క తనూ ఆ పక్క రెండో ఆయా అంచులు పట్టుకుని ఒక్క ఊపున లేపితే, మనిషి పక్క మీద రాసుకోకుండా తిరిగిపోయేది. లాగితే తోలు లేచిపోతుందట, లేపితే లేవదట. మేనేజరు మేడమ్‌కి ఆ వల గిట్టేది కాదు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారని. "ఏటనుకుంటారమ్మా? ముసిల్దాన్ని వలేసి పట్టినారనుకుంటారు" అనేది ఆయమ్మ. మేడమ్ కూడా నవ్వేసి ఊరుకునేది. చెడ్డ మనిషి కాదావిడ. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే నా తప్పంతా ఆవిడ నెత్తిన రుద్దినట్టవుతుంది.

మా ఇద్దరికీ ఒక తగువు ఎప్పుడూ ఉండేది. తీరిక దొరికితే పెరట్లోకి పోయి, నీళ్ళ తొట్టె వెనక కూర్చుని అడ్డపొగ కాల్చేది, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నేను ఊరుకుంటానా? పక్కనే గ్యాసు బండలున్నాయి, ప్రమాదం, అని మొదలెట్టేవాణ్ణి. "నిప్పు నా నోట్లో ఉంది గదా బాబూ, మీకేటి బయం?" అనేది.

అలా ఏడాదిన్నర గడిచింది. మా అమ్మ వీపు మీద ఒక్క పుండు లేదు. మిగతా పదిమందికీ లేదు. ఆ మాట విని డాక్టరుగారే నమ్మక, వచ్చి దుప్పట్లెత్తి చూసుకుని వెళ్ళారు.

ఇక్కడిదాకా ఆమె చేసింది. ఇకమీద నేను చేసింది వినండి.

ఆయమ్మ మేనకోడలి పెళ్ళని నాలుగు రోజులు వెళ్ళింది. తిరిగొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. చీర కూడా మార్చుకోకుండా వరసగా అందర్నీ నొక్కి చూసుకుంటూ వచ్చి, మా అమ్మ కుడి మడమ దగ్గర ఆగిపోయింది. నొక్కింది. ఎరుపు కదల్లేదు. మళ్ళీ నొక్కింది. "ఎవులే ఈయమ్మని తిప్పినోలు?" అని గట్టిగా అడిగింది. ఇద్దరు ఆయాలూ ఒకే మాటగా "మేం తిప్పినాం" అన్నారు. మరి తిప్పితే ఇదెలా వచ్చిందని నేను ఎగిరాను. తిప్పామంటే తిప్పామని వాళ్ళు ఏడిచారు. అబద్ధమని నేను రుజువు చెయ్యలేను, నిజమని వాళ్ళూ చెయ్యలేరు.

నా బుర్రలో పురుగు తొలిచింది. మా దగ్గర క్రేను కదలాలంటే ముందు కాగితం నిండాలి. తాడు చూశావా, టిక్కు. కొక్కెం చూశావా, టిక్కు. రాయనిది జరగనట్టే లెక్క అని కుర్రాళ్ళకి పదే పదే చెప్పేవాణ్ణి, నా ఊతపదం అది. ఆ లెక్కనే రెండు రోజులు స్కేలూ పెన్సిలూ పట్టుకుని కూర్చుని గళ్ళు గీశాను. అడ్డంగా గంటలు, నిలువుగా ఎడమ, కుడి, వెల్లకిలా, ఎర్రదనం ఉందా లేదా, చివర సంతకం. ద్వారకా నగర్‌లో ఒక కంప్యూటర్ షాపులో టైపు కొట్టించి, వందల కాపీలు తీయించి, పదకొండు అట్టలు, పదకొండు క్లిప్పులు కొని పట్టుకెళ్ళాను. అంతటితో ఊరుకున్నానా? మా గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డుంటే, దాన్ని చూసి 'పుండు లేని రోజులు' అని ఒక బోర్డు రాయించి, హోము గుమ్మంలో నా చేత్తో నేనే కొట్టాను. మేడమ్ మురిసిపోయింది. "మీలాంటి వాళ్ళు నలుగురుంటే చాలండీ" అంది. నేనూ ఉబ్బిపోయాను.

ఆయమ్మకి చదువు రాదు. గడి ఎక్కడ, టిక్కు ఎలా అని దగ్గర కూర్చోబెట్టి నేర్పాను. రాయనిది జరగనట్టే అని ఆమెకీ చెప్పాను. పెన్సిలు అటూ ఇటూ తిప్పి చూసి, "బాబూ, రాయంది జరగనట్టేనన్నారు. మరి రాసింది జరిగినట్టేనా?" అని అడిగింది.

"అంతేగా మరి" అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నెల తిరక్కుండానే తిరిగింది కథ. మనిషిని తిప్పాలంటే ఇద్దరు కావాలి, నడుం వంగాలి, దుప్పటి సర్దాలి. టిక్కు పెట్టాలంటే పెన్సిలు చాలు. కాగితాలొచ్చాక మంచాలు ఆయాలందరికీ వంతులేశారు. మిగతా ఆయాలు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా గళ్ళు నింపేసేవారు. పాపం, వాళ్ళననడానికీ లేదు. గడి ఖాళీగా ఉంటే మేడమ్ కేకలేసేది, మనిషి తిరక్కపోతే కేకలేసేవాళ్ళు లేరు. ఆయమ్మ మటుకు తిప్పడంలో పడి టిక్కులు మరిచిపోయేది. కాగితాలన్నీ చూస్తే ఆమె వంతు గళ్ళే ఖాళీ. "అందరూ పనిచేస్తున్నారు, నీకేం రోగం?" అని మేడమ్ అందరి ముందూ అడిగిందట. ఆయమ్మ ఏమందో తెలుసా? "ఈపులు సూడండమ్మా, కాయితాలెందుకు" అందట. ఎదురు చెప్పిందని వారం రోజులు వంటింట్లో అంట్లు తోమించారు. ఆ వారం రోజులూ హాల్లో మనుషులు ఎటు పడుకున్నవాళ్ళు అటే ఉన్నారు. గళ్ళు మాత్రం ఒక్కటీ ఖాళీ లేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదింకా అయిపోలేదు. కాగితాల ప్రకారం పని సాఫీగా సాగిపోతోంది కదా, హాల్లో ఇంతమంది ఎందుకని మధ్యాహ్నం పూట రెండో ఆయాని పైఅంతస్తుకి పంపేశారు. వలకి రెండో అంచు పట్టుకునే మనిషి పోయింది. ఆయమ్మ ఒక్కతే భుజం పెట్టి, మోకాలు మంచానికి ఆనించి, పదకొండు మందినీ తిప్పుతుండేది. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి నేల మీద కూలబడి ఉంది.

"ఇంక నావల్ల అవదు బాబూ. ఆ కాయితాలు తీయించీండి. మీరెట్టినారు, మీరు సెప్తే ఇంటారు."

వెళ్ళి మేడమ్‌తో చెప్పాను. ఆవిడ చాలా మర్యాదగా విని, తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ కాగితాలు చూసే మెచ్చుకున్నారనీ, ఇంకో రెండు హోములవాళ్ళు కాపీలు అడిగి తీసుకెళ్ళారనీ చెప్పింది. "మంచి పనికి మీరే అడ్డం పడతారేంటండీ?" అంది. నేనక్కడే గొడవ పెట్టుకుని ఉండాల్సింది. నా కాగితం నేను చించి పారేసి ఉండాల్సింది. సరే, మళ్ళీ మాట్లాడదాం అనుకుని ఇంటికొచ్చేశాను. నా చేత్తో చేసినదాన్ని తప్పని నలుగురి ముందూ ఒప్పుకోవడానికి నోరు రాలేదు, అదీ సంగతి.

ఆ వానాకాలం మా అమ్మ తుంటి మీద పుండు పడింది. ముందు రూపాయంత. తరువాత నా గుప్పెడంత. జ్వరం పట్టుకుని ఇరవై రోజులకి పోయింది. ఆ రోజు ఆయమ్మ గోడకి తలకొట్టుకుంటూ "నా సేతిలోంచి జారిపోనాదమ్మా, నా సేతిలోంచే జారిపోనాది" అని ఏడ్చింది. నేను కదూ ఏడవాల్సింది ఆ మాటలతో! "నీ తప్పేం లేదు" అని ఆమె భుజం తట్టి వచ్చేశాను. నా తప్పని మాత్రం అనలేదు. మళ్ళీ ఆ సందులో అడుగుపెట్టడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

ఆ ఐదేళ్ళూ ఆమె అక్కడే ఉంది. ఆఖరికి స్నానాల గదిలో ఒక మామ్మ జారిపోతుంటే పట్టుకోబోయి, తను కిందా మామ్మ పైనా పడ్డారు. మామ్మకి ఏమీ కాలేదు. ఆయమ్మకి తుంటి విరిగింది. ఆపరేషన్ చేసినా ఎముక సరిగ్గా అతకలేదు, లేవలేకపోయింది. ఇన్నాళ్ళు చేసిన మనిషని మేడమ్ జాలిపడి అదే హాల్లో ఒక మంచం ఇచ్చింది. మేనకోడలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి "మా అత్త మిమ్మల్ని ఓపాలి రమ్మంతంది" అంటే అప్పుడు వెళ్ళాను.

నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది. "బాబూ, పొద్దున్నించి కొండ పక్కనే ఉన్నాను. ఆ కాయితం ఏటంతందో ఓపాలి సదవండి" అంది.

చదివాను. ఆరింటికి ఎడమ, ఎనిమిదింటికి కుడి, పదింటికి ఎడమ.

"మరైతే నాను తిరిగినట్టేనా?" అంది. ఎగతాళికి కాదు. నిజంగానే అడిగింది, పెద్దమనిషిని అడిగినట్టు. చొక్కా చేతులు మడిచి తిప్పబోయాను. "అలక్కాదు, మోకాలెనక ఒక సెయ్యి, బుజం ఎనక ఒక సెయ్యి. నన్ను లాగకండి, మీ కాసి దొర్లించుకోండి" అని నొప్పితో పళ్ళు బిగించుకుంటూనే నేర్పింది. నాకు పని నేర్పిన ఆఖరి గురువు ఆమే అనుకోండి.

అక్కణ్ణుంచి వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. వారానికి రెండుసార్లు! అవసరం చూస్తే రోజుకి పన్నెండుసార్లు. మీరడుగుతారు, ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అని. అడిగాను. మా ఆవిడ కూడా సరేనంది. ఆయమ్మ ఒప్పుకోలేదు. "నాను ఎల్లిపోతే ఈలకి వేల సెప్పేదెవులు?" అంది. పడుకున్నచోటి నుంచే ఎవరిని ఎప్పుడు తిప్పారో మనసులో పెట్టుకుని, "కిటికీకాడ మామ్మకి వేలైంది, తిప్పండే!" అని కేకలేసేది. ఆ కేకలకి విసుక్కుంటూనైనా కొత్త ఆయాలు కొందరు లేచి తిప్పేవారు. తన వేళ మాత్రం చెప్పేది కాదు. ఎందుకు చెప్పవంటే, "అడగలేని దానికి ముందు జరగాల బాబూ. నాకు నోరుంది గదా, తరవాత అడుగుతాను" అనేది. నిజం చెప్పొద్దూ, ఆమె వద్దన్నప్పుడు నాలో ఒక మూల బరువు దిగినట్టనిపించింది. నేను రెండోసారి అడగలేదు.

కేకలు ఎక్కువయ్యాయని ఆమె మంచాన్ని వెనక గదిలోకి మార్చారు. అక్కడినుంచి హాలు కనపడదు, ఆమె గొంతు హాల్లోకి వినపడదు. నెలకల్లా వీపున పుండ్లు పడ్డాయి. అప్పుడు నేను ఆ తనిఖీవాళ్ళ పై ఆఫీసుకి అర్జీ పెట్టాను. రెండు పేజీలు, ఉన్నదున్నట్టు, నా తప్పుతో సహా రాశాను. దున్నపోతు మీద వాన కురిసినట్టు రెండు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తరువాత జవాబొచ్చింది. సదరు సంస్థను తనిఖీ చేయడమైనది, రోగులను తిప్పు పట్టికలు గంట గంటకూ సక్రమంగా నింపబడి ఉన్నవి, కావున ఆరోపణలకు ఆధారం లేదు. నా పట్టికలే! నా మీద నేనే సాక్ష్యం చెప్పుకున్నట్టయింది. ఆ జవాబు ఆయమ్మకి చదివి వినిపించాను. "మంచోరే పాపం, ఆల పని ఆలు సేసినారు. మీరు దిగులెట్టుకోకండి" అంది. ఆ తరువాత పదహారు రోజులు బతికింది.

మంగళవారం మధ్యాహ్నం జాలరిపేట ఆడవాళ్ళు ఆరుగురు ఆటోలో వచ్చి, ఆమెకి వాళ్ళే నీళ్ళు పోశారు. మేనకోడలు తడి చేతులతో బయటికొచ్చి గోడకి జారగిలబడింది. "ఈపు సూడనేకపోనాం బాబూ" అంది. ఆ వీపు సంగతి నాకు తెలుసు.

మూడోరోజు ఆయమ్మ రేకు పెట్టె తెచ్చిపెట్టమని మేనకోడలు అడిగితే మళ్ళీ హోముకి వెళ్ళాను. వెనక గదిలో ఆ మంచం మీద అప్పటికే ఇంకొకావిడ ఉంది. ఎనభై దాటి ఉంటాయి, చూపు ఆనదు. పెట్టె కోసం మంచం కింద వంగితే చప్పుడు విని, "ఎవులు? తిప్పడానికొచ్చినావేటి?" అంది.

"అవునమ్మా" అన్నాను. మోకాలి వెనక ఒక చెయ్యి, భుజం వెనక ఒక చెయ్యి వేసి, నాకేసి దొర్లించుకున్నాను. ఆవిడ గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. బొటనవేలితో తుంటి మీద నొక్కి చూశాను. తెల్లబడింది, మళ్ళీ ఎరుపు వచ్చింది. ఇంకా ఏమీ కాలేదు, ఇంకా వేళ ఉంది.

"నీ సెయ్యి మంచిది నాయనా. మల్లీ ఎప్పుడొత్తావ్?"

అప్పుడు టైము మధ్యాహ్నం రెండైంది. స్టూలు లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాను. నాలుగింటికి తిప్పాను. ఈలోపల ఆ గదిలోకి ఎవరూ తొంగిచూడలేదు. ఆరింటికి వాచ్‌మన్ వచ్చి "సార్, టైమైపోనాది, ఇంకెల్లండి" అన్నాడు. వెళ్ళేముందు ఆఖరిసారి తిప్పాను. గుమ్మం వైపు రెండు గంటలు ఉంది కాబట్టి ఈసారి గోడవైపే తిప్పాలి. "మల్లీ ఎనిమిదికి గదా?" అంది. "ఊఁ" అన్నాను.

పెట్టె చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతూ వెనక్కి చూశాను. ఆవిడ మొహం గోడవైపు ఉంది. ఒక చెయ్యి వెనక్కి చాపి, నేను ఇందాకటిదాకా కూర్చున్న స్టూలుని మెల్లగా తడుముతోంది.